పోర్ట్ బ్లెయిరా, శ్రీ విజయపురమా? అండమాన్ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో అండమాన్ పోయొచ్చిన ముచ్చట నాలుగు ముక్కలు రాశాను. నల్లగొండ గడియారం స్తంభం దగ్గర చాయ్ తాగుకుంటూ రాసిన దానికి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను. చెరువు శిఖం భూముల గురించి అడిగిన నకిరేకల్ సారు కొంచెం ఓపిక పట్టాలి, మీది వచ్చే నెల తప్పకుండా.

ప్రశ్న: అన్నా, మా చిన్నమ్మ కొడుకు అండమాన్‌ల ఒక కరెంటు కాంట్రాక్టర్ దగ్గర పని చేస్తుండు. వాడికి మామిడికాయ తొక్కు, సకినాలు పంపుదామని కొరియర్ ఆఫీసుకు పోయిన. అడ్రస్‌ల శ్రీ విజయపురం అని రాస్తే అక్కడి పిల్లగాడు కంప్యూటర్ల గా ఊరే లేదన్నడు. పోర్ట్ బ్లెయిర్ అని చెప్తే, ముందే చెప్పొచ్చు కదా అని నా మీదనే విసుక్కున్నడు. అసలు పేరు ఎందుకు మార్చిన్రు? ఈ బ్లెయిర్ ఎవడు?
- ఒక పాఠకుడు, దేవరకొండ

తమ్ముడూ, పేరు మారింది 2024 సెప్టెంబర్ 13న. కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. వలసపాలన గుర్తులు పోవాలని, స్వాతంత్ర్య పోరాటంలో గెలుపుకి గుర్తుగా ఉండాలని శ్రీ విజయపురం అని పెట్టామని చెప్పారు. కొరియర్ పిల్లగాడి కంప్యూటర్‌కి ఆ కబురు అందలేదన్నమాట, అంతే.

బ్లెయిర్ కథే అసలు తమాషా. ఆయన పూర్తి పేరు ఆర్చిబాల్డ్ బ్లెయిర్, ఈస్టిండియా కంపెనీ వాళ్ల బొంబాయి నౌకాదళంలో లెఫ్టినెంట్. సముద్రం లోతులు కొలిచి, తీరాల పటాలు గీసే పని. అప్పట్లో బంగాళాఖాతంలో తుఫాను వస్తే ఓడలు తలదాచుకోవడానికి ఒక రేవు కావాలని కంపెనీ ఆయన్ని పంపింది. ఆయన 1789లో చాతమ్ అనే చిన్న దీవి మీద మకాం వేయించాడు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ రేవుకి ఆయన తన పేరు పెట్టుకోలేదు, పోర్ట్ కార్న్‌వాలిస్ అని పెట్టాడు. అప్పటి గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్, ఇక్కడి సముద్రాల్లో ఇంగ్లీషు నౌకాదళానికి పెద్ద ఆయన సొంత తమ్ముడు విలియం కార్న్‌వాలిస్. ఆ ఇంటిపేరు పెడితే అన్నా సంతోషం, తమ్ముడూ సంతోషం!

మూడేళ్లు తిరిగేసరికి, 1792లో, మకాం మొత్తాన్ని ఎత్తి ఉత్తరాన ఇంకో రేవుకి మార్చారు. ఓడలకి అది ఇంకా బాగుంటుందనుకున్నారు. విచిత్రం ఏందంటే మనుషులతో పాటు పేరునీ మూటగట్టుకుని పోయారు, కొత్త చోటు పోర్ట్ కార్న్‌వాలిస్ అయింది, పాత చోటు ఉత్త 'పాత రేవు' అయిపోయింది. అక్కడ జ్వరాలొచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే 1796లో దుకాణం కట్టేశారు. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు ఆ దిక్కు చూసిన వాళ్లు తక్కువ.

మళ్లీ గుర్తొచ్చింది 1857లో. తిరుగుబాటు అణిచాక వేలకొద్దీ ఖైదీలు మిగిలారు. వాళ్లని ఈ నేల మీద ఉంచితే మళ్లీ మంట లేస్తుందని భయం. ఎక్కడ పెట్టాలో చూసి రమ్మని డాక్టర్ మౌవాట్ అనే ఆయనతో ఒక కమిటీ వేశారు. వాళ్లు దీవులన్నీ చుట్టొచ్చి ఆ పాత రేవే మేలని తేల్చి, దాన్ని మొదట కొలిచినవాడి గుర్తుగా పోర్ట్ బ్లెయిర్ అందామన్నారు. అంటే బ్లెయిర్ మకాం పెట్టిన దాదాపు డెబ్బై ఏళ్లకు గానీ ఆయన పేరు దానికి రాలేదు. ఓడలు దాచుకునే రేవుకని వెతికిన మనిషి పేరు చివరికి జైలు ఊరికి తగులుకుంది. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే జైలు అధికారి 200 మంది ఖైదీలతో అక్కడ దిగాడు. ఊరు పుట్టింది అట్లా.

నీ పార్శిల్ సంగతి చివర్లో చెప్తా.

ప్రశ్న: సార్, మేము నాగార్జునసాగర్ హిల్ కాలనీలో ఉంటాం. మా ఊరు పేరు కూడా విజయపురి. ఆ విజయపురానికీ మా విజయపురికీ ఏమైనా చుట్టరికం ఉందా?
- ఒక పాఠకురాలు, విజయపురి నార్త్

చుట్టరికం లేదమ్మా, కానీ ప్రశ్న చాలా బాగుంది. మీ విజయపురి మూడో శతాబ్దం నాటి ఇక్ష్వాకుల రాజధాని. అది ఇప్పుడు మీ డ్యాం నీళ్ల అడుగున ఉంది. 1955లో డ్యాంకి పునాది పడింది, మునిగేలోపు తవ్వి తీయగలిగినంత తీసి, పైకి మిగిలిన కొండ మీద మ్యూజియం పెట్టారు. లాంచీ ఎక్కి పోయేది అక్కడికే కదా. చూడబోతే మీదీ దీవి కథే!

అండమాన్ వాళ్ల పేరు వేరే దారిలో వచ్చింది. శ్రీవిజయ అనేది సుమత్రా దీవిలో పాలెంబాంగ్ కేంద్రంగా వెలిగిన సముద్ర రాజ్యం. రాజేంద్ర చోళుడు 1025 ప్రాంతంలో దాని మీదికి ఓడలు నడిపి ఓడించాడు. ఈ దీవులు ఒకప్పుడు చోళుల నౌకా స్థావరమని పేరు మార్చినప్పుడు ప్రభుత్వం గుర్తు చేసింది. తంజావూరు శాసనంలో నక్కవారం పేరు కనిపిస్తుంది, అది నికోబార్ అని చరిత్రకారులు చెప్తారు. అంతా సరే గానీ నాకొక్కటే అనుమానం. చోళులని తలుచుకుంటూ పెట్టిన పేరు వాళ్లు ఓడించిన రాజ్యం పేరులా వినిపిస్తోంది. విజయం అన్న మాట కోసం పెట్టారు కాబట్టి సరిపెట్టుకోవాలి.

ప్రశ్న: కాలాపానీ అంటే సెల్యులర్ జైలేనా? మన తెలంగాణ నుంచి ఎవరినైనా అక్కడికి పంపారా?
- రిటైర్డ్ టీచర్, నాగర్‌కర్నూల్

సారూ, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. సినిమాల వల్ల కాలాపానీ అనగానే ఆ మూడంతస్తుల జైలే కళ్ల ముందుకొస్తుంది. ఆ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. అంతకు ముందు నలభై ఏళ్లు దీవే జైలు, సముద్రమే ప్రహరీ. సముద్రం దాటితే కులం పోతుందని నమ్మే రోజులు కాబట్టి ఉరికంటే ఓడకే ఎక్కువ భయపడేవాళ్లు. మొదటి ఖైదీల పని అడవి కొట్టడం. కలకత్తా నుంచి వచ్చిన సిపాయి అయినా, రైతు అయినా, మౌల్వీ అయినా చేతికి గొడ్డలి. ఈ అడవి దాటితే బర్మా వస్తుందని ఎవరో చెప్పిన మాట నమ్మి పారిపోయిన వాళ్లు ఉన్నారు, అటు పోతే సముద్రమే తప్ప బర్మా ఎక్కడిది? పట్టుబడిన వాళ్లలో ఎనభై మందికి పైగా ఒకే రోజు ఉరి తీయించాడు ఆ వాకర్. అది విని పైన ఉన్నవాళ్లే ఉలిక్కిపడ్డారు.

ఇక మన వైపు. హైదరాబాద్ కోఠీలో మహిళా కాలేజీ ఉండేది కదా, ఇప్పుడు యూనివర్సిటీ అయింది, అదే బ్రిటిష్ రెసిడెన్సీ. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కలిసి రోహిల్లాలనే పఠాన్ సిపాయిలని వెంటబెట్టుకుని దాని మీద పడ్డారు. నిజాం ఇంగ్లీషోళ్ల పక్షం, కాబట్టి అది రాజుకి తెలియకుండా జనం చేసిన పోరాటం. తుర్రెబాజ్ ఖాన్ దొరికాక శిక్ష పడింది, తప్పించుకున్నాడు, చివరికి తూప్రాన్ దగ్గర చంపేశారు. ఆయన పేరు మీద కోఠీలో రోడ్డుంది. మౌల్వీ అల్లావుద్దీన్‌ని 1859లో అండమాన్‌కి పంపారు. ఆయన మళ్లీ హైదరాబాద్ చూడలేదు, అక్కడే పోయాడు. ఆ రోడ్డు మీద రోజూ వేలమంది నడుస్తారు, మౌల్వీ పేరు మాత్రం అడిగితే చెప్పేవాళ్లు పదిమంది దొరకరు. ఇది నా కడుపులో బాధ, అందుకే ఇంత రాస్తున్నా.

తెలుగువాళ్లలో అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర కూడా అండమాన్‌లో శిక్ష అనుభవించినవాడే. తర్వాత 1952లో ఆయన పార్లమెంటుకి ఎన్నికయ్యాడు.

జైలు గురించి అడిగారు కాబట్టి ఒకటి చెప్తా. మధ్యలో బురుజు, దాని చుట్టూ సైకిల్ చక్రం పుల్లల్లాగా ఏడు వరసలు, అన్నీ ఒంటరి గదులు, దాదాపు ఏడువందలు. ఒక వరస ముందుభాగం ఇంకో వరస వెనకభాగాన్ని చూస్తుంది, కాబట్టి ఎదురెదురు గదుల మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకునే వీలే లేదు. ఇప్పుడు మూడు వరసలే మిగిలాయి. అక్కడ ప్రదర్శనకు పెట్టిన గానుగ దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. మన ఊళ్లలో గానుగ అంటే ఎద్దు కళ్లకి గంతలు కట్టి తిప్పడమే కదా, అక్కడ ఎద్దు స్థానంలో మనిషి. రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలి, అంటే పదమూడు కిలోల పైమాటే. తక్కువైతే దెబ్బలు. మా చిన్నతనంలో మా తాత గానుగ దగ్గర ఎద్దుకి కూడా మధ్యాహ్నం నీళ్లు పెట్టి గంట విడిచేవాడు.

ఖైదీ మెడకి ఇనుప కడియం, దానికి చెక్క బిళ్ల. బిళ్ల మీద నంబరు, ఏ సెక్షను, శిక్ష ఏ రోజు పడింది, ఏ రోజు తీరుతుంది. కొందరి బిళ్ల మీద ఆ తీరే రోజు చూస్తే మనిషి అప్పటిదాకా బతకడని చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది.

ప్రశ్న: బ్రిటిష్ వాళ్లు రాకముందు అక్కడ ఎవరూ లేరా? అందరూ ఖైదీల గురించే రాస్తారేంటి?
- డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

తల్లీ, నేను కూడా పోయిన నెల ఖైదీల గురించే రాశాను, తప్పు ఒప్పుకుంటున్నా. ఆ రేవు చుట్టూ అకా-బియా అనే జాతి ఉండేది, గ్రేట్ అండమానీ జాతుల్లో ఒకటి. తమ అడవిని నరుకుతుంటే చూస్తూ ఊరుకోలేదు. 1859 మేలో విల్లంబులు పట్టుకుని పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్న అబర్డీన్ మకాం మీదికి వచ్చారు. కానీ దూధ్‌నాథ్ తివారీ అని ఒక ఖైదీ, ఏడాది కింద పారిపోయి వాళ్ల మధ్యనే బతికి, వాళ్ల పిల్లనే పెళ్లి చేసుకున్నవాడు, ముందే వచ్చి కబురు చెప్పాడు. తుపాకుల ముందు బాణాలు ఎంతసేపు ఆగుతాయి? తివారీకి శిక్ష మాఫీ అయింది. ఆయన భార్య గతి ఏమైందో ఎవరూ అడగరు.

యుద్ధంలో పోయినవాళ్లకంటే తర్వాత తట్టు, సుఖరోగాలకి పోయినవాళ్లే ఎక్కువ. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనాభా లెక్కల్లో 625 మంది, ఇప్పుడు యాభైకి అటూ ఇటూ. అకా-బియా భాష మాట్లాడే మనిషి ఒక్కరు లేరు. పోర్ట్ బ్లెయిర్ పేరు మంచిదా, శ్రీ విజయపురం పేరు మంచిదా అని టీవీలో కొట్లాడుకున్న వాళ్లలో ఎవరూ ఈ సంగతి ఎత్తలేదు.

ప్రశ్న: పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, సముద్రం ఉంటాయి. అది అండమానేనా? పందెం కాశాను, జల్ది చెప్పండి.
- కిరాణా షాపు ఓనర్, వనపర్తి

గెలిచారు! ఎర్ర రంగు పాత నోటు తిప్పి చూడండి, అది మౌంట్ హారియట్ గుట్ట మీద నుంచి కనిపించే దృశ్యం, దూరంగా లైట్‌హౌస్ కూడా ఉంటుంది. కొత్త నోటు మీద ఎల్లోరా వచ్చింది. గల్లాపెట్టెలో పాతది ఉంటే దాచుకోండి, ఇచ్చినా చెల్లుతుంది.

హారియట్ అంటే అక్కడ అధికారిగా ఉన్న టైట్లర్ భార్య. 1857లో ఢిల్లీ ముట్టడి జరుగుతుంటే ఆమె బండిలోనే బిడ్డని కన్నది, గట్టి మనిషి. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ మేయో ఆ గుట్టెక్కి సూర్యాస్తమయం చూసి, చీకట్లో కిందికి దిగి పడవ ఎక్కబోతుంటే షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. అతను దీవిలో మంగలి పని చేసేవాడు. అంతమంది సిపాయిల మధ్యలో ఒక్కడే! అతన్ని వైపర్ దీవిలో ఉరి తీశారు. ఆ వైపర్ పేరు కూడా బ్లెయిర్ వాడిన ఓడదే. గుట్ట పేరు 2021లో మౌంట్ మణిపూర్ అని మార్చారు, 1891 యుద్ధం తర్వాత మణిపూర్ రాజునీ, ఆయన మనుషులనీ అక్కడికి పంపారు కాబట్టి. ఆ మార్పు నాకు నచ్చింది, దానికో కారణముంది, ఆ మట్టి మీద నడిచిన మనుషులున్నారు.

ప్రశ్న: మా మహబూబ్‌నగర్‌ని ఇప్పటికీ అందరూ పాలమూరే అంటారు. అండమాన్ వాళ్లు కొత్త పేరు వాడుతున్నారా? ఇంతకు ముందు కూడా పేర్లు మార్చినట్టు చదివాను.
- ఒక పాఠకుడు, జడ్చర్ల

మంచి పోలిక తెచ్చారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది 1890లో. అంతకు ముందు రుక్మమ్మపేట, పాలమూరు. నూట ముప్పై ఏళ్లు దాటినా బస్సులో పక్కనోడిని అడిగితే 'పాలమూరు పోతున్నా' అనే అంటాడు, కూలీలకి కూడా పాలమూరు లేబర్ అనే పేరు. మా నల్లగొండ కూడా ఒకప్పుడు నీలగిరి అంటారు, ఇప్పుడు ఆ పేరు ఎక్కువగా షాపుల బోర్డుల మీదే కనిపిస్తుంది.

అండమాన్ పేర్ల మార్పు నేతాజీతో మొదలు. 1942 మార్చిలో జపాన్ వాళ్లు దీవులు పట్టుకున్నారు. 1943 డిసెంబర్ 30న నేతాజీ అక్కడ జెండా ఎగరేసి అండమాన్‌కి షహీద్, నికోబార్‌కి స్వరాజ్ అని పేర్లు ఇచ్చారు. పేరు మారింది గానీ పెత్తనం జపాన్ వాళ్లదే. సరిగ్గా నెల తర్వాత, 1944 జనవరి 30న, గూఢచారులని నింద వేసి హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని జపాన్ సైనికులు కాల్చి చంపారు. 1945లో బ్రిటిష్ వాళ్లు తిరిగొచ్చారు, పాత పేర్లూ వచ్చాయి. మళ్లీ 2018లో రాస్ దీవికి నేతాజీ పేరు, హేవ్‌లాక్‌కి స్వరాజ్, నీల్‌కి షహీద్ అని పెట్టారు.

జనం ఏమంటున్నారంటారా? నేను ఎక్కిన ఆటో అతను శ్రీకాకుళం మనిషి. అక్కడ మన భాష వాళ్లకి కొదవ లేదు, 2011 లెక్కల్లో ప్రతి వందమందిలో 13 మంది తెలుగువాళ్లే. ఊరి పేరు ఏమంటారు అని అడిగితే 'సర్కారు కాగితం మీద శ్రీ విజయపురం, ఇంటికి ఫోన్ చేస్తే పోర్ట్ బ్లెయిర్, గొడవ పడితే కాలాపానీ' అన్నాడు. మమ్మల్ని దింపింది అబర్డీన్ బజార్‌లో. ఆ అబర్డీన్ స్కాట్లాండ్‌లోని ఊరి పేరు, దాని జోలికి ఇంకా ఎవరూ పోలేదు. బజారు మధ్యలో గడియారం స్తంభం చూసి మా ఆవిడ 'ఇంత దూరం వచ్చి మళ్లీ నల్లగొండకే తెచ్చావు' అంది. డిసెంబర్‌లో పోయాం, సాయంత్రం ఐదు దాటిందో లేదో చీకటి పడిపోయింది. గడియారం మనదే, సూర్యుడే వాళ్లది.

ఇక దేవరకొండ తమ్ముడికి. అడ్రస్‌లో రెండు పేర్లూ రాయి, పక్కన 744101 అని పిన్ కోడ్ పెద్ద అంకెల్లో వెయ్యి, పార్శిల్ పోయేది దాన్ని బట్టే. నూనె కారుతుందని విమానంలో తొక్కు ఒప్పుకోకపోవచ్చు, ముందే అడుగు. సకినాలు మాత్రం కొరియర్‌లో పంపకు, అక్కడికి చేరేసరికి పిండి అవుతాయి, ఎవరైనా పోయేవాళ్లుంటే చేతికియ్యి.